ఎవరి చెమట, ఎవరి తీరిక: బ్రిటిష్ కళాచరిత్రలో ఫెలోషిప్పుల సంగతి

బ్రిటిష్ కళాచరిత్ర ఫెలోషిప్పుల గురించి ఈ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగొచ్చు. మన పిల్లలు పీజీ చదవడానికే నానా అవస్థలూ పడుతుంటే, లండన్‌లో దొరల బొమ్మల మీద పుస్తకాలు రాసే ప్రొఫెసర్లకొచ్చే డబ్బుల లెక్క మనకెందుకు? మా జవాబు ముందే చెప్పేస్తాం. ఒక విద్యారంగం ఎట్లా పుడుతుంది, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, 'పండితుడు' అనే పేరు ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అనే ప్రశ్నలు మనవే. మనింట్లో కళ్ళకలవాటయిపోయిన దుమ్ము పక్కింట్లో తొందరగా కనపడుతుంది. అందుకే పక్కింటి వైపు చూస్తున్నాం.

ఫెలోషిప్పంటే తీరిక

విద్యార్థికిచ్చే ఫెలోషిప్పు వేరు, పేరున్న పండితులకిచ్చే ఫెలోషిప్పు వేరు. మొదటిది చదువుకోవడానికి. రెండోది పాఠాలు చెప్పకుండా వుండడానికి. ఈ మాట వెటకారంగా అనడం లేదు. అప్పటికే పుస్తకాలు అచ్చయి, విశ్వవిద్యాలయంలో ఉద్యోగముండి, సగం రాసిన మరో పుస్తకం చేతిలో వున్న మనిషికి, ఆ పుస్తకం పూర్తి చేసుకోవడానికి కొన్ని నెలలో ఏడాదో క్లాసుల నుంచీ పేపర్లు దిద్దడం నుంచీ కమిటీల నుంచీ విముక్తి ఇస్తారు. బ్రిటన్‌లో లెవర్‌హ్యూమ్ ట్రస్టు ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్పుల్లోనయితే, ఆ పండితుడి బదులు క్లాసు చెప్పే మనిషి జీతానికి కూడా లెక్క కడతారు. అంటే ఒకరికి తీరిక దొరికిందంటే, ఆ పని ఇంకొకరి నెత్తి మీద పడిందని అర్థం. ఆ ఇంకొకరు చాలాసార్లు ఏడాది కాంట్రాక్టు మీద పనిచేసే కుర్ర లెక్చరరు. పుస్తకం అట్ట మీద ఆ పేరు వుండదు.

లెవర్‌హ్యూమ్ ట్రస్టు డబ్బుల సంగతీ చూడాలి. సన్‌లైట్ సబ్బుల విలియం లెవర్ 1925లో చనిపోతూ రాసిన వీలునామాతో పుట్టిన ట్రస్టిది. సబ్బుకు పామాయిల్ కావాలి. 1911లో ఆయన కంపెనీ బెల్జియన్ కాంగోలో తాటిజాతి చెట్ల అడవుల మీద హక్కులు సంపాదించింది. అక్కడ గెలలు కోసిన ఆఫ్రికన్ల చేత బలవంతపు చాకిరీ చేయించారని చరిత్రకారులు దస్తావేజులతో రుజువు చేశారు. అదే లెవర్ సబ్బుల ఫ్యాక్టరీ వూరు పోర్ట్ సన్‌లైట్‌లో భార్య పేర 1922లో బొమ్మల గ్యాలరీ తెరిచాడు. అందులో బ్రిటిష్ చిత్రాలకు పెద్దపీట. బొమ్మల గోడకూ పండితుడి తీరికకూ వెనక చెట్టెక్కిన మనిషి వున్నాడు. అయితే ట్రస్టు డబ్బుతో మంచి పుస్తకాలు రాలేదని మేం అనడం లేదు. ఆ డబ్బుకొక పుట్టుక వుందనే మా మాటంతా.

గుర్రానికి పేరుంది, కుర్రాడికి లేదు

ఇప్పుడు బ్రిటిష్ కళ అంటే గొప్ప రంగంలాగా కనపడుతుంది గానీ ఎప్పుడూ అట్లా లేదు. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా కళాచరిత్ర అంటే ఇటలీ, ఫ్రాన్స్, హాలెండ్. ఇంగ్లండ్ చిత్రకారుల్ని చదవడం రెండోరకం పని అనే చిన్నచూపు వుండేది. ఆ చిన్నచూపు పోగొట్టింది ఏదో సిద్ధాంతం కాదు. చాలా మటుకు ఒక అమెరికన్ కోటీశ్వరుడి డబ్బు.

పాల్ మెలన్ (1907-1999) తండ్రి ఆండ్రూ మెలన్ పిట్స్‌బర్గ్ బ్యాంకరు. అల్యూమినియం, చమురు, బొగ్గు, అన్నింట్లోనూ ఆ కుటుంబం పెట్టుబడి వుంది. 1921 నుంచి 1932 దాకా అమెరికా ఆర్థికమంత్రిగా చేశాడు. ఆయన మంత్రిగా వుండగానే, ఆ కుటుంబం చేతిలోని బొగ్గు కంపెనీ 1925లో గని కార్మికుల యూనియన్‌తో చేసుకున్న వేతన ఒప్పందాన్ని కాదని తొక్కేసింది. కొడుకు యేల్‌లోనూ కేంబ్రిడ్జ్‌లోనూ చదివాడు. ఇంగ్లండన్నా గుర్రాలన్నా ప్రాణం. 1936లో ఆయన కొన్న మొదటి బ్రిటిష్ చిత్రం జార్జ్ స్టబ్స్ 1774లో వేసింది. దాని పేరు 'పంప్‌కిన్, లాయం కుర్రాడు'. పంప్‌కిన్ అంటే గుర్రం. పందెం గుర్రానికి పేరుంది. దాని పక్కన నిలబడ్డ పనివాడు 'లాయం కుర్రాడు', అంతే.

ఒక్క బొమ్మ పేరు పట్టుకుని ఇంత గోల ఎందుకంటారేమో. ఆ తర్వాత పుట్టిన రంగమంతా ఈ బొమ్మ చుట్టూ అల్లుకున్నట్టే వుంటుంది కాబట్టి. 1959 నుంచి మెలన్ పెద్దఎత్తున కొనడం మొదలుపెట్టాడు. తన సేకరణను యేల్ విశ్వవిద్యాలయానికి ఇస్తానని 1966లో ప్రకటించాడు. లూయీ కాన్ గీసిన ప్లానుతో న్యూహేవెన్‌లో 'యేల్ బ్రిటిష్ కళా కేంద్రం' 1977లో తెరిచారు. అంతకుముందే, 1970లో లండన్‌లో 'పాల్ మెలన్ కేంద్రం' పెట్టారు. అదీ యేల్‌లో భాగమే. గ్రంథాలయం, ఫొటోల భాండాగారం, పుస్తకాల ప్రచురణ, గ్రాంట్లు, ఫెలోషిప్పులు. కొత్తగా డాక్టరేటు వచ్చిన వాళ్ళకొకటి, ఉద్యోగ జీవితం నడిమిలో వున్నవాళ్ళకొకటి, స్థిరపడ్డ పండితులకు సీనియర్ ఫెలోషిప్పు. ఈ చివరిది ముఖ్యంగా చేతిలో వున్న పుస్తకం పూర్తి చేసుకోవడానికి. మెట్లు మెట్లుగా కట్టారు. పుస్తకం రాస్తే పేరొస్తుంది, పేరొస్తే ఫెలోషిప్పొస్తుంది, ఫెలోషిప్పొస్తే ఇంకో పుస్తకమొస్తుంది. మొదటి మెట్టు ఎక్కలేనివాడు చివరి మెట్టు గురించి కల కూడా కనలేడు.

ఇక్కడ మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠముంది. చిన్నచూపుకు గురయిన సబ్జెక్టు కూడా ఒక తరంలో గౌరవనీయమైపోతుంది. దానికి గ్రంథాలయం కావాలి, అచ్చు కావాలి, తీరిక కావాలి. 'మీ సబ్జెక్టులో సరుకు లేదు' అని ఎవరన్నా అంటే, సరుకు లేక కాదు, దాన్ని సరుకుగా మార్చే ఏర్పాటు లేక అని చెప్పాలి.

మెడలో పట్టీ

యేల్ అనే పేరు ఎక్కడిదో మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? ఎలిహు యేల్ (1649-1721) మద్రాసు సెయింట్ జార్జ్ కోటకు 1687 నుంచి 1692 దాకా గవర్నరు. సొంత వ్యాపారం చేసుకున్నాడన్న ఆరోపణలతో కంపెనీ తొలగించింది. అప్పటికే వజ్రాల వ్యాపారంలో బాగా గడించాడు. 1718లో అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఇంగ్లండ్ రాజు బొమ్మ ఒకటి పంపాడు. సరుకు అమ్మితే 560 పౌండ్లకు పైగా వచ్చింది. కాలేజీకి ఆయన పేరు పెట్టారు.

ఆయన గవర్నరయిన 1687 తెలుగునేలకు చెడ్డ సంవత్సరం. ఆ ఏడే ఔరంగజేబు సైన్యం గోల్కొండను పట్టుకుంది. యుద్ధం, కరువు. తిండిలేక జనం తమను తాము అమ్ముకున్నారు, పిల్లల్ని అమ్ముకున్నారు. కోట రేవు నుంచి బానిసలు వందల సంఖ్యలో ఓడలెక్కారు. తమ ప్రజల్ని ఎత్తుకుపోతున్నారని మొఘల్ అధికారులు గట్టిగా అడ్డం తిరిగాక 1688లో కోట కౌన్సిల్ ఈ ఎగుమతిని నిషేధించింది. దయ పుట్టి కాదు, వ్యాపారం దెబ్బతింటుందని. ఆ ఓడలెక్కినవాళ్ళు ఏ కులాలవాళ్ళో కంపెనీ రికార్డు రాసుకోలేదు. కరువొచ్చినప్పుడు మొదట ఎవరు అమ్ముడుపోతారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ఎలిహు యేల్ చిత్తరువొకటి యేల్ బ్రిటిష్ కళా కేంద్రంలోనే వుంది. సుమారు 1719 నాటిది. 1970లో డెవన్‌షైర్ డ్యూక్ కానుకగా ఇచ్చాడు. బల్ల చుట్టూ విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు, వెనక ఆడుకుంటున్న పిల్లలు. ఒక పక్కన వాళ్ళకు వడ్డిస్తున్న నల్లపిల్లవాడు. మెడలో తాళం వేసిన వెండి పట్టీ. బొమ్మ దశాబ్దాల పాటు గోడ మీద, స్టోరులో, పుస్తకాల్లో వుంది. దొరల వంశావళి మీద పని జరిగింది. పిల్లవాడి గురించి అడిగేవాళ్ళు తక్కువ.

2020లో, అమెరికా అంతటా నల్లవాళ్ళ ఉద్యమం వీధుల్లోకొచ్చాక, కేంద్రం ఆ బొమ్మను దించింది. ఆ చోట టైటస్ కాఫర్ అనే నల్లజాతి చిత్రకారుడు 2016లో వేసిన బొమ్మ పెట్టారు. అందులో దొరలు నలిగిపోయి వుంటారు, పిల్లవాడి ముఖానికి మాత్రం బంగారు చట్రం, మెడలో పట్టీ లేదు. ఏడాది పాటు రంగుల పరీక్షలూ పాత కాగితాల వెతుకులాటా జరిగాయి. పిల్లవాడికి పదేళ్ళుండొచ్చన్నారు. పేరు దొరకలేదు. 2021లో బొమ్మను మళ్ళీ వేలాడదీసి, శీర్షికలో ఆ బానిసపిల్లవాడి ప్రస్తావన వుంచి, కొత్త వివరణ రాశారు. 2024లో బానిసత్వంతో తన సంబంధాలకు యేల్ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది.

మా ప్రశ్న ఇది. ఆ పిల్లవాడు 1970లోనూ అక్కడే నిలబడి వున్నాడు గదా. యాభయ్యేళ్ళు పండితులకు తీరిక లేకనా? తీరిక వుంది. చూపు లేదు. తీరిక ఎవరికిచ్చారో వాళ్ళ చూపే చరిత్ర అయింది.

ఫుట్‌నోటులోకి నెట్టిన శవాలు

ఇదేమీ కొత్త జబ్బు కాదు. టర్నర్ 1840లో బానిసల ఓడ బొమ్మ వేశాడు. చచ్చినవాళ్ళనూ చావబోతున్నవాళ్ళనూ సముద్రంలోకి విసిరేస్తున్న ఓడ అది. 1781లో జాంగ్ అనే ఓడ మీద ఇన్సూరెన్సు డబ్బుల కోసం 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలో పడేసిన ఘటన ఆ బొమ్మ వెనక వుందని చాలామంది చెప్తారు. ఆ బొమ్మను ఆకాశానికెత్తి రాసినవాడు జాన్ రస్కిన్. 1843 నాటి తన పుస్తకంలో అలలు, రంగులు, సూర్యాస్తమయం గురించి పేజీ నిండా రాశాడు. అది బానిసల ఓడ అనే సంగతి మాత్రం అడుగున ఫుట్‌నోటులో వేశాడు. మరుసటేడు ఆ బొమ్మ ఆయన ఇంటికే వచ్చింది. ఇదే రస్కిన్ 1869లో ఆక్స్‌ఫర్డ్ మొదటి స్లేడ్ ప్రొఫెసరయ్యాడు. ఆ పీఠం కూడా ఒక సంపన్నుడి వీలునామా డబ్బుతో పెట్టిందే.

ఫుట్‌నోటును పైకి తెచ్చినవాళ్ళెవరు? గయానా నుంచి వచ్చిన డేవిడ్ డాబిడీన్ ఒకరు. చెరకుతోటల్లో కూలికి మన దేశం నుంచి ఓడలెక్కిన వాళ్ళ వంశం. 1985లో ఆయన హోగార్త్ బొమ్మల్లోని నల్లవాళ్ళ మీద పుస్తకం తెచ్చారు. హోగార్త్ 1732 నాటి బొమ్మల వరసలో, వేశ్య ఇంట్లో తలపాగాతో టీ కెటిలు పట్టుకొచ్చే నల్లపిల్లవాణ్ణి అందరూ చూశారు, ఎవరూ పట్టించుకోలేదు. హోగార్త్ ఆ నల్లమనుషుల్ని వూరికే అలంకారంగా పెట్టలేదనీ, దొరల నీతిని ఎండగట్టడానికి వాళ్ళ ద్వారానే మాట్లాడాడనీ డాబిడీన్ చూపించారు. ఆయన కూడా యేల్ కేంద్రంలో కొంతకాలం ఫెలోగా వున్నవాడే. ఈ మాట దాచిపెట్టం. మెలన్ డబ్బు తప్పుడు చేతుల్లోనే పడిందని చెప్పడం మా ఉద్దేశం కాదు. అదే తీరిక వేరే అనుభవమున్న మనిషికి దొరికితే అదే బొమ్మ వేరే మాట చెప్పింది. మా వాదనకు ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

పదకొండేళ్ళ నిరీక్షణ

ఇక ఫెలోషిప్పులు రానివాళ్ళ కథ. రషీద్ అరయీన్ 1935లో కరాచీలో పుట్టి 1964లో లండన్ వచ్చిన శిల్పి. చదివింది సివిల్ ఇంజినీరింగ్. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పనిచేసిన ఆఫ్రికా, ఆసియా, కరీబియన్ కళాకారుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవని గమనించి, వాళ్ళ ప్రదర్శన పెడదామని 1978లో ఆర్ట్స్ కౌన్సిల్‌ను అడిగాడు. కాదన్నారు. వూరుకోలేదు. అదే ఏడు 'బ్లాక్ ఫీనిక్స్' అనే చిన్న పత్రిక పెట్టాడు. మూడు సంచికలకు ఆగిపోయింది. 1987లో 'థర్డ్ టెక్స్ట్' మొదలుపెట్టాడు. అది నిలబడింది. చివరికి 1989 నవంబరులో లండన్ హేవర్డ్ గ్యాలరీలో 24 మంది కళాకారులతో 'ది అదర్ స్టోరీ' ప్రదర్శన తెరిచారు. పదకొండేళ్ళు పట్టింది. కొన్ని పెద్ద పత్రికల విమర్శకులు దాన్ని చీల్చి చెండాడారు. 24 మందిలో ఆడవాళ్ళు నలుగురే అని లోపలి నుంచి కూడా విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైందే. మన సంకలనాల్లోనూ ఇదే లెక్క వుంది గదా.

ఆ ఆడవాళ్ళలో ఒకరు లుబైనా హిమిద్. 1954లో జాంజిబార్‌లో పుట్టింది. 1985లోనే నల్లజాతి, ఆసియా స్త్రీల ప్రదర్శనను ఐసీఏలో పెట్టింది. ఐసీఏ వాళ్ళు ఇచ్చింది గ్యాలరీ కాదు, నడవా. 2004లో ఆమె వంద నిలువెత్తు బొమ్మలు చేసింది. యూరప్ రాజుల కొలువుల్లో పనిచేసిన ఆఫ్రికన్లు: డప్పు కొట్టేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, కుక్కల్ని చూసేవాళ్ళు, మందుమొక్కలు తెలిసినవాళ్ళు. ప్రతి ఒక్కరికీ సొంత పేరు, దొరలు పెట్టిన పేరు, వాళ్ళ పని. డప్పు, చెప్పు అనే మాటలు వింటే మనకు ఎవరు గుర్తొస్తారో చెప్పనక్కర్లేదు. ఆర్కైవులో పేరు దొరకని చోట ఆమె పేరు పెట్టి నిలబెట్టింది. 2017లో ఆమెకు టర్నర్ ప్రైజ్ వచ్చింది. అప్పటికి 63 ఏళ్ళు. యాభై దాటినవాళ్ళకు ఇవ్వకూడదన్న నిబంధన ఆ ఏడే తీసేశారు. చూడండి, ఆమె తరాన్ని చూడకుండా నలభయ్యేళ్ళు గడిపి, వయసు మించిందని తలుపేసేవాళ్ళు.

వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టిన ఎడ్డీ చాంబర్స్ ఇంకో దారి పట్టాడు. 1982లో తోటి విద్యార్థులతో కలిసి నల్లజాతి కళాకారుల జాతీయ సభ పెట్టాడు. 1980ల చివర్లో బ్రిస్టల్‌లో ఆఫ్రికన్, ఆసియన్ కళాకారుల కాగితాలు, స్లైడ్లు, కరపత్రాలు పోగేసి ఆర్కైవు మొదలుపెట్టాడు. ఇంకెవరూ దాచని కాగితాలవి. బ్రిటిష్ కళలో నల్లజాతి కళాకారుల చరిత్రను 2014లో పుస్తకంగా తెచ్చాడు. అప్పటికి ప్రొఫెసరుగా వున్నది బ్రిటన్‌లో కాదు, అమెరికాలో టెక్సస్‌లో.

తలుపు ఎంత తెరుచుకుంది?

మార్పు రాలేదని అనలేం. 2015లో సోనియా బోయిస్ నాయకత్వాన 'బ్లాక్ ఆర్టిస్ట్స్ అండ్ మోడర్నిజం' అనే మూడేళ్ళ పరిశోధనకు ప్రభుత్వ నిధులొచ్చాయి. నల్లజాతి కళాకారుల పనులు ప్రజల మ్యూజియంలలో ఎక్కడెక్కడ స్టోర్లలో పడున్నాయో వాళ్ళు లెక్క తీశారు. పాల్ మెలన్ కేంద్రం కూడా 2015 నుంచి యేల్ కేంద్రంతో కలిసి ఉచితంగా చదువుకునే పత్రిక తెస్తోంది, లండన్‌కూ ఆసియాకూ మధ్యనున్న కళాసంబంధాల మీద ప్రాజెక్టు నడిపింది. బోయిస్‌కు 2022లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది.

అయితే మెట్ల కింద ఏముందో కూడా చూడాలి. 2016లో ఇంగ్లండ్‌లో స్కూలు స్థాయి కళాచరిత్ర పరీక్షనే ఎత్తేస్తామన్నారు. గొడవ చేస్తే ఇంకో బోర్డు తీసుకుంది. ఆ సబ్జెక్టు చెప్పేవి ఎక్కువగా ఫీజులు కట్టే ప్రైవేటు స్కూళ్ళు. సర్కారు బడి పిల్లకు ఆ సబ్జెక్టు వుందనే తెలియదు. పదహారేళ్ళప్పుడు మొదటి మెట్టు తీసేసి, యాభయ్యేళ్ళప్పుడు చివరి మెట్టు మీద వైవిధ్యం వెతికితే ఎట్లా దొరుకుతుంది?

మన సంగతి

ఇప్పుడు ఇంటికొద్దాం. 1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మద్రాసులో కర్నల్ కాలిన్ మెకంజీ బొమ్మ వేశాడు. ఎర్రకోటు దొర చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరు జైన పండితుడు ధర్మయ్య, ఒకరు ఏలూరు నియోగి కావలి వెంకట లక్ష్మయ్య. మూడో ఆయన కిష్ణాజీ, ప్యూను, చేతిలో దుర్భిణి. మన కైఫీయతులు పోగేసిన జట్టు అది. మెకంజీ పోయాక ఆ పని తానే కొనసాగిస్తాననీ, అందుకు ప్రభుత్వ సాయం కావాలనీ లక్ష్మయ్య అడిగాడు. ఈనాటి మాటల్లో చెప్తే సీనియర్ ఫెలోషిప్పుకు దరఖాస్తే. 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ కాదన్నాడు. నేటివు మనిషి పోగేయగలడు గానీ, విడమర్చి సిద్ధాంతం చెయ్యలేడని దాని సారాంశం.

లక్ష్మయ్యకు జరిగింది అన్యాయమే. కానీ అదే మాటను తర్వాత ఆయన వర్గం పండితులు ఎవరి మీద వాడారు? దళితులు అనుభవం చెప్తారు, సిద్ధాంతం మేం చేస్తామన్న పంపకాన్ని గోపాల్ గురు 2002లో సూటిగా ఎత్తిచూపారు. ప్రిన్సెప్ కుర్చీ ఖాళీ కాలేదు, కూర్చున్నవాళ్ళు మారారు. ఆ బొమ్మలోని కిష్ణాజీ వంశంవాళ్ళు ఫెలోషిప్పు అడిగితే ఏమనేవాళ్ళో వూహించుకోవచ్చు.

లండన్‌లో పాల్ మెలన్ కేంద్రం వున్న బెడ్‌ఫర్డ్ స్క్వేర్ నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నడిస్తే కొన్ని నిమిషాలు. మన అమరావతి రాళ్ళు వున్నదక్కడే. ఆ మ్యూజియం గ్రంథాలయంలోనే అంబేద్కర్ తలుపులేసేదాకా కూర్చుని చదివారు. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్పు ఇచ్చి అమెరికా పంపారు. గడువైపోగానే 1917లో లండన్ చదువు సగంలో ఆపి వెనక్కి రావాల్సొచ్చింది, బరోడాలో కొలువు చెయ్యాలన్న ఒప్పందం మెడమీదుంది. 1920లో మళ్ళీ వెళ్ళింది లెక్చరరుగా దాచుకున్న డబ్బుతో, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయంతో, స్నేహితుడి దగ్గర చేసిన అప్పుతో. 1923లో డి.ఎస్సీ. వచ్చింది. ఆయనకెవరూ తీరిక ఇవ్వలేదు. పస్తుల్లోంచి, నిద్రలోంచి ఆయనే కోసుకున్నారు.

ఎస్సీ విద్యార్థుల్ని విదేశాలకు పంపే కేంద్రప్రభుత్వ స్కాలర్‌షిప్పు 1954 నుంచి వుంది. 2022లో దానికొక నిబంధన చేర్చారు: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సామాజిక అధ్యయనాల మీద పరిశోధనకు ఆ డబ్బు ఇవ్వరు. అంటే మన పిల్లలు లండన్ పోయి ఎలిహు యేల్ బొమ్మ మీద పరిశోధన చేయొచ్చేమో గానీ, మద్రాసు రేవులో ఓడలెక్కిన తమ తాతముత్తాతల మీద చేస్తామంటే అడ్డం. ఇది నిధుల కొరత కాదు. ఎవరు ఏం చూడాలో నిర్ణయించే అధికారం.

కాబట్టి కార్యకర్తలకూ విద్యార్థులకూ టీచర్లకూ మేం చెప్పదలచుకున్నది మూడు మాటలు. ఒకటి, ఫెలోషిప్పు ప్రకటన వస్తే డబ్బెంతో చూడ్డమే కాదు, 'అర్హత' అన్న పేరా చదవండి. రంగాన్ని ఏలేది ఆ పేరానే. రెండు, నాయకత్వాన్ని ఇస్తామన్నప్పుడే కాదు, ఇవ్వనప్పుడు కూడా పని ఆపొద్దు. కరపత్రం, సభ ఫొటో, చిన్నపత్రిక పాత సంచిక, పాట రాసుకున్న నోటుబుక్కు దాచండి. చాంబర్స్ చేసింది అదే. మూడు, మనలో ఎవరికైనా చివరి మెట్టు అందితే, తన బదులు క్లాసు చెప్పిన మనిషి పేరు, కాగితాలు దాచిపెట్టిన మనిషి పేరు ముందుమాటలో వేయండి. గుర్రానికి పేరుండి కుర్రాడికి లేని చరిత్రను మనమే మళ్ళీ రాయకూడదు.